యాన్నిస్ పండగ నాడు మూసిన తలుపు

టీనెకెకు ఏదైనా అర్థం కాకపోతే తిండి సయించదు. అలాంటిది, ఏడాదిగా ఆ దీవిలో ఊరు ఊరంతా ఆమెకు అర్థం కాకుండా పోయింది.

ఆమె, భర్త యాన్ ఉద్యోగాల నుంచి రిటైరై, హాలెండ్‌లో ఇల్లు అమ్ముకుని ఈ దీవికి వచ్చి, కొండవాలున రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. ఎండలు తగ్గగానే పెట్టె సర్దుకుని పోయే రకం కాదు, చలికాలం కూడా ఇక్కడే ఉండే రకం. మొదట్లో బాగానే ఉంది. యాన్‌ను తమ భాషలో యాన్నిస్ అని పిలిచి అందరూ భుజాలు చరిచేవారు. నిరుడు జనవరిలో ఏం పుట్టిందో ఏమో, అప్పటి నుంచి వీళ్లిద్దరూ కనిపిస్తే చాలు, గొంతులు తగ్గిపోయేవి. బేకరీలో నవ్వులు టక్కున ఆగిపోయేవి. కార్నివాల్ విందుకు పిలవలేదు, పెళ్లికి పిలవలేదు. అలాగని ముఖం చాటేశారా అంటే అదీ లేదు. పొద్దున లేచేసరికి గేటుకు సంచి వేలాడుతూ ఉండేది. ఓసారి అడవి ఆకుకూర, ఓసారి గుడ్లు, ఓసారి నిమ్మకాయలు. పెళ్లికి పిలవని వాళ్లే పెళ్లి మిఠాయి తెచ్చి గుమ్మంలో పెట్టి పోయారు. గిట్టని వాళ్లకు ఎవరైనా మిఠాయి పెడతారా?

"మనం వాళ్లకు నచ్చలేదు, అంతే," అన్నాడు యాన్, పొయ్యిలోకి ఆలివ్ మొద్దు తోస్తూ. "సోమవారం ఏజెంటుకు ఫోన్ చేస్తా. ఇల్లు అమ్మేసి పోదాం."

"కారణం తెలియందే నేను కదలను."

"తెలిస్తే?"

"నిజంగా మనం గిట్టకపోవడమే అయితే నేనే పెట్టెలు సర్దుతా."

అనడానికైతే అంది గాని, ఆమెకు వెళ్లాలని లేదు. గాలికి ఓడలు ఆగిపోయి, కొట్లో పాలు కూడా దొరక్క, ఊరంతా కాఫీ కొట్టులో ముడుచుకుని కూర్చునే ఈ చలికాలమంటేనే ఆమెకు ప్రాణం.

అంతలో గేటు చప్పుడైంది. పక్కింటి గరుఫల్యా సంచి తగిలిస్తోంది. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయిన నాటి నుంచి నల్లబట్టలే కడుతుంది. టీనెకె చెప్పులైనా లేకుండా పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇవాళ నువ్వు చెప్పందే వదలను. మేమేం తప్పు చేశాం?"

"తప్పేంటే పిచ్చిదానా! చలికి చస్తావు, పద లోపలికి."

లోపలికి వచ్చి యాన్‌ను చూడగానే గరుఫల్యా గొంతు తగ్గించింది. "ఇవాళ సెయింట్ జాన్ పండగ కదా నాయనా, జాన్ అన్నా యాన్నిస్ అన్నా ఒకటే, నీ పేరే. ఈ ఏడు కూడా తలుపు తియ్యరా?"

"ఏ తలుపు?" అన్నాడు యాన్.

"నిరుడు ఇదే రోజు నీ పేరు పండగని ఊరంతా వచ్చాం. ఆ పేరున్న వాళ్లింటికి పిలవకపోయినా వెళ్లడం మా ఆచారం. నేనైతే వాల్‌నట్ కేకు మోసుకొచ్చా. తలుపు తడితే లైటు ఆర్పేశారు. పేరు పండగ నాడు తలుపు మూసుకున్నారంటే ఏంటి? ఇంట్లో చావు జరిగిందనేగా! దుఃఖంలో ఉన్న వాళ్ల ముందు పగలబడి నవ్వుతామా? పెళ్లికి రమ్మంటామా? మాకా మాత్రం మర్యాద తెలీదా?"

యాన్ నోరు తెరిచాడు. వాళ్ల దేశంలో ముందుగా చెప్పకుండా తలుపు తట్టేది ఏదో ఒకటి అంటగట్టడానికి వచ్చేవాళ్లే. ఆ సాయంత్రం ఇద్దరూ లైటు ఆర్పి, పిల్లల్లా నవ్వు ఆపుకుంటూ, బయటి అడుగుల చప్పుడు ఆగేదాకా దుప్పటి కింద దాక్కున్నారు.

"ఆ రోజు ఎవరూ పోలేదమ్మా," అన్నాడు. "మేం ఉత్త మొద్దులం, అంతే."

గరుఫల్యా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. గొంతు మామూలు కంటే రెండింతలు లేచింది.

"ఎవరూ పోలేదా? మరి ప్రతి శనివారం చర్చిలో నేను కొవ్వొత్తి వెలిగించింది ఎవరికోసం? పోయిందెవరో తెలీక, పేరు లేకుండానే ఏడాదంతా దండం పెట్టుకున్నా. నా మోకాళ్లు అరిగిపోయాయి!"

యాన్‌కు నవ్వొచ్చింది. టీనెకెకూ నవ్వే రావాలి. ఒక్కసారి నవ్వేస్తే పీడా పోయేది. కానీ ఆమెకు నవ్వు రాలేదు.

"ఫెమ్కె," అంది.

"ఎవరూ?"

"మా చెల్లెలు. మీరు వచ్చి వెళ్లిన మరుసటి నెలలో పోయింది. గాలికి ఓడలు ఆగిపోయాయి. బట్టల పెట్టె పట్టుకుని రేవులోనే ఉండిపోయాను. అంత్యక్రియలకు అందలేదు."

ఈ సంగతి ఆమె దీవిలో ఎవరికీ చెప్పలేదు. మన ఏడుపు ఇతరుల నెత్తిన రుద్దకూడదని వాళ్లింట్లో పెంపకం. యాన్ ముందు కూడా ఆ పేరు ఎత్తక చాలా కాలమైంది. ఇప్పుడు ఎత్తాక ఏడుపు ఆగలేదు.

గరుఫల్యా ఆమె తలను తన శాలువాలోకి లాక్కుంది. "చూశావా, నా కొవ్వొత్తి చేరాల్సిన చోటికే చేరింది," అంది. "పేరు మళ్లీ చెప్పవే. నా నోరు తిరగట్లేదు."

"ఫెమ్కె."

"ఫెమ్... అబ్బ, ఏం పేరే తల్లీ! శనివారం నాతో పాటు నువ్వూ రా. నువ్వే పలుకుదువుగాని."

టీనెకె తలూపింది. గరుఫల్యా శాలువా కొసతో తన కళ్లు కూడా తుడుచుకుని యాన్ వైపు తిరిగింది. "ఏడాది తీరడానికి ఇంకా నెలుంది గాని, ఆ పిల్లేమీ అనుకోదులే. సాయంత్రం తలుపు తీస్తావా, నన్ను మళ్లీ కేకుతో వెనక్కి పంపిస్తావా?"

యాన్ పొయ్యి దగ్గర నుంచి లేచాడు. ఇంట్లో ఉన్న కుర్చీల వంక చూశాడు. నాలుగే ఉన్నాయి.

"ఎంతమంది వస్తారు?" అన్నాడు.

"అందరూ," అంది గరుఫల్యా.