పదో జీలుగువలస సంత

ముప్పై నాలుగేళ్లు కళాశాలలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవాడిని నేను. నా వ్రాతలో కొట్టివేత కనబడదని సహోద్యోగులు చెప్పుకొనేవారు. ఆ మాటను నేనెన్నడూ ఖండించలేదు. రెండవ ప్రపంచ యుద్ధానికి వెళ్లిన మన ప్రాంతపు సిపాయిల డైరీలను చదివి, శుద్ధప్రతులు వ్రాసి, పట్టిక కూర్చడానికి అరకులో ఒక స్వచ్ఛంద బృందం ఏర్పడినప్పుడు, పట్టిక బాధ్యత నాకు అప్పగించడం సహజమే అనుకున్నాను. ఆ పట్టికలో నేనొక పెద్ద పొరపాటు చేశాను. దానిని దిద్దిన ఇద్దరు స్త్రీలకు కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇది వ్రాస్తున్నాను.

చింతూరు నుండి పైడయ్య అనే సిపాయి డైరీ మాకు చేరింది. బర్మా సరిహద్దులో రోడ్లు వేసే దళంలో పనిచేసి, యుద్ధం ముగిశాక సొంత ఊరికి వెళ్లకుండా చింతూరులో స్థిరపడి కాలం చేసిన మనిషి. అరచేతిలో పట్టే డెబ్బై నాలుగు చిన్న కాగితాలు. కుట్టిన దారం చివికి అన్నీ విడిపోయాయి. రోజుకొక కాగితం, పెన్సిలుతో నాలుగైదు పంక్తులు. మొదటి కాగితం మీద మాత్రమే 1944 మార్చి 2 అనే తేదీ ఉంది. తక్కిన వాటిపై తేదీకి బదులు ‘జీలుగువలస సంత’, ‘రేపు తామరగుడ సంత’, ‘కుంబిగూడ సంత’ అని ఏదో ఒక సంత పేరు. ఇంటిపై బెంగ పెట్టుకున్న మనిషి సొంత ప్రాంతపు సంతలను తలచుకుంటున్నాడని నిర్ణయించాను. తేదీలు లేని కాగితాలకు ఏదో ఒక క్రమం ఉండాలి కనుక సంత పేర్లను అకారాది క్రమంలో పెట్టి, ఒక్కో సంత కాగితాలను ఒక్కో కవరులో చేర్చాను. పట్టికలో ‘తేదీలు లేవు, స్వగ్రామ స్మృతులు’ అని వ్రాసి, కింద గీత గీశాను.

ఆ కాగితాలలో సింహాచలం అనే తోటి సిపాయి పేరు, అతని ఊరి పేరు పలుమార్లు వచ్చాయి. పాచిపెంట దగ్గరి పల్లె అది. మా బృందంలోని సౌజన్య, స్థానిక గ్రంథాలయ ఉద్యోగిని, ఆ పల్లెకు కబురు పంపింది. వారం తిరగకుండా సింహాచలం కూతురు సోములమ్మ సాలూరు బస్సు దిగి అరకులో మేము పనిచేసే గదికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే విషయంలోకి దిగింది.

“నాను కడుపులో ఉండగా మాయయ్య పటాలానికెళ్లిపోనాడు బాబూ. పోనాడని కాయితం వచ్చింది గానీ, ఏ రోజు పోనాడో అందులో నేదు. తిథి తెలీనోళ్లందరికీ మాలయ అమాసకి పెడతారు కదా, ఆ గుంపులోనే మాయయ్యకీ ఓ ముద్ద పెడతన్నాను. మాయమ్మ కూడా అలగే పెట్టి పెట్టి పోనాది. మాయయ్య రోజేదో తెలిసి ఆ రోజే మాయయ్యకి పెట్టాలని నా ఆశ. నాను పోతే అడిగేవోళ్లు నేరు.”

“అమ్మా, మీ తండ్రిగారి మరణం ఇందులో ఉంది. కాని తేదీ లేదు,” అన్నాను.

“పోనీ సదవండి. ఇనేసి పోతాను.”

నా క్రమంలోనే చదవడం ప్రారంభించాను. కుంబిగూడ కవరు ముగిసింది. జీలుగువలస కవరు చివరి కాగితం అందుకున్నాను. “జీలుగువలస సంత. సింహాచలం జొరంతో పోయాడు. బువ్వ వేళ దాటింది. నా సేతిలోనే పోయాడు.” ఆమె కళ్లు మూసుకుంది. నేను తామరగుడ కవరు విప్పాను. “తామరగుడ సంత. సింహాచలం, నేను గంజి తాగాము. వాడు పాట పాడాడు.”

సోములమ్మ కళ్లు తెరిచింది. “ఇదేటి మాష్టారూ! సచ్చిపోనోడు లేచి గెంజి తాగుతున్నాడా?”

సౌజన్య తల వంచుకుంది. నవ్వుతున్నదని తెలిసి నాకు చురుక్కుమంది.

“ఇవి వరుసగా వ్రాసినవి కావమ్మా. సంతల జ్ఞాపకాలు,” అన్నాను గంభీరంగా.

“గ్యాపకాలేటి బాబూ? బర్మాలో జీలుగువలస సంతెక్కడ పెడతారు? అది లచ్చివారం. తామరగుడ ఆదివారం, కుంబిగూడ మంగళవారం. మా పల్లెల్లో వారం పేరెవుడు సెప్తాడు? పెళ్లి ముహూర్తమైనా జీలుగువలస సంతనాడు రమ్మనే అంటాం. ఇంత సదువు సదివి ఇది తెలీదేటి మీకు?”

నిజంగానే తెలియదు. మా నాన్నగారు అరకులో దుకాణం పెట్టి ఆ సంతలకే సరుకు పంపేవారు. వాటి మధ్య పెరిగి కూడా వాటిని సరుకు అమ్మే చోట్లుగానే చూశాను. పైడయ్య ఒక్క రోజూ తప్పకుండా తేదీ వేశాడు. నేనే దానిని చదవలేకపోయాను. అంతకన్నా ఘోరం, వచ్చిన వరుసను చెరిపి నా అకారాదిలో కలిపేశాను. పది గురువారాలు ఒకే కవరులో ఉన్నాయి. ఏది ముందో, ఏది వెనుకో చెప్పేవారెవరు? ఆ ముసలితల్లి ఎనభై ఏళ్ల ఎదురుచూపు నా చేతి చక్కదనం వల్ల వృథా అయిందని తోచింది.

“సార్,” అంది సౌజన్య మెల్లగా. “పొట్లం విప్పిన రోజునే, వచ్చిన వరుసలో అన్నీ ఫోనులో ఫోటోలు తీశాను. మీరు కవర్లలో పేర్చాక ఆ సంగతి చెబితే కోప్పడతారని ఊరుకున్నాను.”

“కోప్పడేవాడినే,” అన్నాను. “చూపించమ్మా.”

మేమిద్దరం ఫోటోల వరుసలో కాగితాలను బల్లపై మళ్లీ పరిచాము. ప్రతి ఏడవ కాగితం జీలుగువలస సంతే. ఒక్కచోటా తప్పలేదు. సోములమ్మ పక్కన నిలబడి వేళ్లు మడుస్తూ సంతలు లెక్కపెట్టింది. మొదటి కాగితం తరువాత పదో జీలుగువలస సంతనాడు సింహాచలం మరణించాడు. మార్చి 2 కూడా గురువారమే కనుక అది 1944 మే 11. సౌజన్య ఫోనులో తిథి చూసి చెప్పింది. ఫోనును నమ్మే అలవాటు నాకు లేదు కనుక, పాత పంచాంగాలు దాచిన సాలూరు పురోహితునికి ఫోను చేశాను. ఆయనా అదే చెప్పాడు: ఆ రోజు మధ్యాహ్నానికి వైశాఖ బహుళ చవితి.

“సవితి,” అంది సోములమ్మ. మళ్లీ మళ్లీ అంది. తరువాత కొంగుతో ముఖం అదుముకొని, “ఈ యేడు ఎన్నాళ్లుంది?” అని అడిగింది.

“పదకొండు రోజులు,” అంది సౌజన్య ఫోను చూసి.

“అయితే బేగి ఎల్లాలి. మినుములు నానబెట్టాలి, మనుషుల్ని పిలవాలి. నువ్వూ రావాలి గుంటా. మాష్టారూ, మీరూను.”

చివరి కాగితంలో ఏముందో ఆమెకు చెప్పాలా వద్దా అని సందేహించాను. దాచడం నా పని కాదు కనుక చదివాను. “కడుపుతో ఉన్న దానికి ఏ మొగం పెట్టుకుని సెప్పాలి? నేను ఆ ఊరు ఎల్లలేను.” పైడయ్య చింతూరులో ఎందుకు ఉండిపోయాడో అప్పుడు ముగ్గురికీ తెలిసింది. సోములమ్మ బస్సుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే పట్టికలో నా వ్రాతను అడ్డంగా కొట్టివేశాను. జీవితంలో ఇంత సంతోషంగా కొట్టివేసిన పంక్తి మరొకటి లేదు. పక్కనే ‘ప్రతి కాగితానికీ తేదీ ఉంది, గుర్తించినవారు సోములమ్మ, వరుస కాపాడినవారు సౌజన్య’ అని వ్రాశాను.

చవితినాడు సౌజన్య, నేను పాచిపెంట వైపు వెళ్లాము. పెరట్లో సోములమ్మ రెండు విస్తళ్లు పరిచింది. ఒకదాని ముందు నిలబడి, పుట్టాక తొలిసారి తన తండ్రిని ఆయన రోజున పేరు పెట్టి పిలిచింది. రెండో విస్తరి ఎవరికని అడిగాను.

“పైడయ్యకి. మాయయ్య తల ఒళ్లో ఎట్టుకున్నోడు, ఆ రోజు రాసినోడు. సెప్పనేక పోనాడు గానీ మర్సిపోనేదు కదా.” గారెలు రెండింటిలోనూ సమంగా వడ్డించి నా వైపు తిరిగింది. “మీరేటి అలగ నిలబడిపోనారు? కూకోండి మాష్టారూ. సల్లారిపోతాయి.”

నేను చెప్పులు విడిచి నేలమీద కూర్చున్నాను.