వెలుగు తీగకు బొట్టు

ఆ ఏడు అక్షయ తదియనాడు మా అమ్మ మరిడమ్మ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. చందనోత్సవానికి ఏటా సింహాచలం కొండెక్కే మనిషి, ఈసారి మోకాళ్లు మొరాయించాయి. లోపల గంధం ఒలిచిన స్వామి నిజరూపం ఎలాగూ టీవీలో చూపరు, కనీసం గాలిగోపురం కళ్లబడితేగాని గుక్క దిగదని భీష్మించుకుంది.

విజయనగరం శివార్లలో ఉన్న మా కాలనీకి ఫైబర్ లైను వచ్చింది కూడా ఆ రోజే. ఫోను, నెట్టు, టీవీ అన్నీ వెంట్రుకంత గాజుతీగలోనే వస్తాయట. అందులో నడిచేది కరెంటు కాదట, వెలుగట. కనెక్షన్ ఇచ్చే అప్పలసూరి ఇదంతా చెబుతుంటే నా భార్య తాయారు పని మానేసి వింది.

అతను తీగ కొసను టీవీ పక్కన వదిలి, బయట స్తంభం దగ్గర పని చూసుకుని వచ్చి తను తెచ్చిన నెట్టు పెట్టెకు గుచ్చాడు. ఎర్రలైటు వెలిగింది. తీసి మళ్లీ గుచ్చినా ఎర్రలైటే. స్తంభం ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. పదకొండైంది. అమ్మ పెదాలు ఎండిపోతున్నాయి. నీళ్లు మానమని దేవుడు అడిగాడా అంటే, నీకెందుకురా అని కసిరింది.

మూడోసారి దిగొచ్చిన అప్పలసూరి తీగ కొసను తడిమి చూశాడు. వేలికి పసుపు అంటింది.

"ఏటమ్మా ఇది?"

తాయారు తడుముకోలేదు. "వెలుగొచ్చే తీగన్నావు గదా బాబూ. బొట్టెట్టకుండా దీపం ఎలిగిస్తామేటి? కొసనున్న బుల్లి మూత తీసి, కూసింత పసుపూ కుంకం ఎట్టాను."

అప్పలసూరి నేలమీద చతికిలబడి నవ్వాడు. నేనూ ఆగలేకపోయాను. భక్తితో చేసినదానికి నవ్వేమిటని తాయారు మూతి ముడుచుకుంది. అదీ నిజమే. జవాబు అమ్మ చెప్పింది.

"ఇయాల సామికే గంధం ఒలిసీసి సూపిస్తన్నారు. నువ్వు తీగకి పూసీసినావేటే? తుడిసీ బాబూ, బేగి తుడిసీ."

అప్పలసూరి స్పిరిటు గుడ్డతో కొసను తుడిచి, మళ్లీ గుచ్చాడు. ఆకుపచ్చలైటు వెలిగింది. కాసేపటికి తెర నిండా గాలిగోపురం, దానికింద గొడుగులు, తలలు. అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, గ్లాసెడు నీళ్లు గడగడా తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

తాయారు చేతిలో కుంకుమ ఇంకా మిగిలే ఉంది. అప్పలసూరిని వంగమని, అతని నుదుటన పెట్టింది.