పెద్దకోడలి నోరు

అత్తగారు పోయి ఏళ్ళు గడిచినా ఆ వీధిలో వాళ్ళిద్దరికీ పెద్దకోడలు, చిన్నకోడలు అన్న పిలుపులే ఉండిపోయాయి. పెద్దకోడలి కాపురం కింద, చిన్నకోడలిది పైన. మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆ మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడవైపు ఒదిగి దారి ఇవ్వడమే తప్ప, పదకొండేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు.

కారణం ఒక్క మాట. ఇంటినిండా చుట్టాలున్న ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, చిన్నకోడలు వడ్డిస్తూ వంగి తోడికోడలితో ఏదో చెప్పబోయింది. పెద్దకోడలు ముక్కు మూసుకుని, "కాస్త దూరంగా ఉండి మాట్లాడవే తల్లీ. నీ నోటి కంపుకి అన్నం సయించడం లేదు" అంది. అందరూ నవ్వారు. చిన్నకోడలి మొగుడూ నవ్వాడు.

పెద్దకోడలి నోరే అంత, ఎవరినీ వదిలేది కాదు. తక్కినవాళ్ళు ఆ మాటలు దులిపేసుకుని పోయేవాళ్ళు. చిన్నకోడలికి అది చేతకాలేదు. ఆ రోజునుంచీ ఎవరితో మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. గట్టి కుచ్చుల బ్రష్షుతో రోజుకు మూడుసార్లు తోముకునేది. తోమి తోమి చిగుళ్ళు పైకి జరిగి పళ్ళ మొదళ్ళు బయటపడ్డాయి. చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమనేది. ప్రెస్సులో ఆమెతో పాటు పుస్తకాలు బైండు చేసేవాళ్ళకి ఆమె నవ్వితే ఎలా ఉంటుందో తెలియదు.

అలాంటిది, ఆ శీతాకాలంలో పెద్దకోడలికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి జారింది. అంతటి నోరూ మూగబోయి, 'అదే' అన్న ఒక్క ముక్క మిగిలింది. కాఫీ కావాలా అంటే అదే. కిటికీ మూయనా అంటే అదే. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆవిడ భర్త, చూడ్డానికి వచ్చినవాళ్ళతో, "ముప్పయ్యేళ్ళ కాపురంలో నేనేమన్నా ఒప్పుకుంటున్నది ఇప్పుడే" అని నవ్వబోయి, నవ్వలేక కండువాతో ముఖం తుడుచుకునేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రెండువారాలకి ఆయన పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మాయ్, మీ అక్క నన్ను నోరు తోమనివ్వడం లేదు. నిన్న గట్టిగా పట్టుకుంటే చిగుళ్ళు చీరుకుపోయి రక్తం వచ్చింది. స్టీరింగ్ తిప్పిన చేతులు కదా, మెత్తగా పట్టుకోవడం రాదు. ఇవాళ నర్సమ్మ వస్తోంది. నువ్వొకసారి వచ్చి చూస్తావా?"

ఆయన మీద చిన్నకోడలికి కోపం లేదు. కాదనలేక దిగి వెళ్ళింది.

నర్సు పొట్టిగా, చురుగ్గా ఉంది. మంచం తలాపి ఎత్తి రోగిని కూర్చోబెట్టింది. గడ్డం కింద తువ్వాలు పరిచి, టార్చి వేసి, "చూడండమ్మా" అంది. పడిపోయిన వైపు చెంపలో మొన్నటి అన్నం ముద్దకట్టి ఉంది. నాలుక మీద తెల్లటి పొర. వాసనకి చిన్నకోడలి కళ్ళు చెమర్చాయి. పెద్దకోడలు ఆమెను చూసి కళ్ళు మూసుకుంది.

"ఆ వైపు ఈవిడకి స్పర్శ లేదు. మెతుకు ఉండిపోయినా తెలియదు" అంది నర్సు. "అది కుళ్ళి, ఆ నీరు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారిందా, జ్వరం పట్టుకుంటుంది. ఇలాంటివాళ్ళు చాలామంది దానితోనే పోతారు. పళ్ళు తళతళలాడాలని కాదు నేను చెప్పేది. పూటపూటా నోరు శుభ్రంగా ఉండాలి. పసిపిల్లల బ్రష్షు తీసుకోండి. నీళ్ళు పొయ్యకండి, తడిపి పిండేయండి. చెంపలో గాజుగుడ్డతో తుడవండి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి, పళ్ళ మధ్య వేలు పెట్టొద్దు."

మర్నాడు ప్రెస్సుకు వెళ్ళేముందు చిన్నకోడలు దుకాణంలో పసిపిల్లల బ్రష్షు కొంది. పచ్చ పిడి మీద బాతు బొమ్మ. అది చూసి పెద్దకోడలు, "అదే" అంది, ఛీ అన్నట్టుగా.

మొదటి వారం పెదవులు బిగించుకునేది. చిన్నకోడలు బలవంతం చెయ్యలేదు. వేలితో చెంప నిమురుతూ కూర్చుంటే కాసేపటికి పెదవులు వదులయ్యేవి. ఎదురు చూడటం ఆమెకు కొత్త కాదు, జిగురు ఆరేదాకా పుస్తకాన్ని కదపకూడదు కదా. ముందు చెంప, తరవాత పైపళ్ళు, కిందిపళ్ళు, చివర నాలుక. నెల తిరిగేసరికి నెత్తురు కారడం ఆగింది. నాలుక ఎర్రగా తేలింది. వాసన పోయింది. పొద్దున ఆమె అడుగుల చప్పుడు వినగానే పెద్దకోడలు నోరు తెరిచి ఉంచుతోందని బావగారు చెప్పాడు.

ఆ నోట్లోకి రోజూ తొంగిచూస్తూంటే చిన్నకోడలి లోపల పాత మాట మళ్ళీ కదిలింది. నువ్వు నన్నన్నావు, ఇప్పుడు చూడు అని ఒక్కసారైనా అనాలనిపించేది. నిస్సహాయంగా తెరుచుకున్న ఆ నోటిని చూస్తూ ఆ మాట ఎలా అంటుంది?

ఒక ఆదివారం బావగారు మందులకని బజారుకు వెళ్ళాడు. వేలికి గాజుగుడ్డ చుట్టుకుని చెంప తుడుస్తూ, తనకు తెలియకుండానే అడిగేసింది.

"అక్కా, ఆ రోజు అందరి ముందూ నన్ను ఆ మాట ఎందుకన్నారు?"

పెద్దకోడలు చూసింది. "అదే" అంది.

"నిజంగానే కంపు వచ్చిందా? వస్తే పక్కకి పిలిచి చెప్పొచ్చుగా. పదకొండేళ్ళయింది అక్కా, నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా నేను ఎవరితోనూ మాట్లాడలేదు."

మాటల్లో పడి చేతిని చూసుకోలేదు. వేలు పళ్ళ మధ్యకి జారింది. దవడ టక్కున మూసుకుంది.

వేలు లాక్కునేసరికి గాజుగుడ్డ తడిసి ఎర్రబడింది. ఆమె ప్రెస్సులో అచ్చయిన కాగితాల ఫారాలు మడిచే వేలు అది. పెద్దకోడలు కళ్ళార్పకుండా చూస్తూ, "అదే, అదే" అంటోంది. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. మాట పోయినా నీ బుద్ధి పోలేదు అనుకుంది. బ్రష్షు గిన్నెలో పడేసి పైకి వెళ్ళిపోయింది.

ప్రెస్సులో పని ఎక్కువగా ఉందని బావగారికి కబురు పంపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు రోజులు కింది వాటాలో అడుగుపెట్టలేదు. ఐదోరోజు పొద్దున ఆయనే కేకేశాడు. పెద్దకోడలి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఊపిరి గురగురమంటోంది.

ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. నోరు శుభ్రంగా లేకనే వచ్చిందా అని చిన్నకోడలు డాక్టర్ని అడిగింది. "కారణం ఇదీ అని చెప్పలేమమ్మా. మింగడం సరిగా లేనివాళ్ళకి ఎప్పుడైనా రావచ్చు" అన్నాడాయన. ఇంటికొచ్చే నర్సు మర్నాడు ఆసుపత్రికి వచ్చి, చిన్నకోడలి కట్టు కట్టిన వేలు చూసింది.

"కరిచిందా? అందుకే పెట్టొద్దన్నాను. ఈ జబ్బులో పళ్ళకి ఏదైనా తగిలితే దవడ దానంతటదే మూసుకుంటుంది. తెరవాలనుకున్నా వెంటనే తెరవలేరు. పాపం, ఆవిడ చేతిలో లేదు."

చిన్నకోడలు ఆ రోజే ప్రెస్సుకు సెలవు పెట్టింది.

పొద్దునా సాయంత్రం ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి, ఎండి పొలుసులు కట్టిన పెదవులు తడిపి, ఆ నోరు తుడిచింది. పెద్దకోడలు కళ్ళు తెరవలేదు, 'అదే' అని కూడా అనలేదు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

అంతా అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, చిన్నకోడలు అన్నం పట్టుకుని కిందికి వెళ్ళింది. బావగారు ఖాళీ మంచం ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"బావగారూ, ఆ నాలుగు రోజులూ ప్రెస్సులో పని లేదు. అక్క వేలు కొరికిందని కోపమొచ్చి రాలేదు."



"ఆ నాలుగు రోజులూ నేను పెదాలు తుడిచి ఊరుకున్నానమ్మాయ్" అన్నాడాయన. "రోజూ తోమానని నర్సమ్మతో అబద్ధం చెప్పాను. లోపల చెయ్యి పెట్టాలంటే భయమేసింది."

ఆయన కంచం ముందుకు లాక్కుని, తినకుండా అన్నాడు. "అసలు మీ ఇద్దరికీ ఎందుకు చెడిందమ్మా? అప్పట్లో ఎన్నిసార్లు అడిగినా, 'ఏమో, దానికే తెలియాలి' అనేది మీ అక్క. నాకూ ఏమీ తట్టలేదు."

పదకొండేళ్ళ నాటి ఆ మధ్యాహ్నం ఆయన పెద్దకోడలి పక్కనే కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే. చిన్నకోడలు ఆయన ముఖంలోకి చూసింది. దాచడం లేదు. నిజంగానే గుర్తులేదు. ఆవిడకీ గుర్తులేదేమో. ఇక ఆ మాట ఈ లోకంలో ఎవరికైనా గుర్తుంటే తనకొక్కదానికే.

"ఏదో చిన్న మాటలెండి" అంది. "అన్నం చల్లారిపోతోంది, తినండి."

ఆయన ముద్ద కలిపాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు నింపి ఆయన పక్కన పెట్టి, తినేదాకా అక్కడే కూర్చుంది.