అమ్మ మీద జోకులు

బస్‌స్టాండులో అనౌన్స్‌మెంట్లు చదివే ఆవిణ్ణి అందరూ మైకమ్మ అనేవారు. గొంతు బంగారం. బుద్ధి సంగతి మీరే చూద్దురుగాని.

పేట జనం కలిసి నడుపుకునే నాటకాల హాల్లో ఆ ఏడు ఎనిమిది శనివారాలు హాస్య కార్యక్రమం పెట్టారు. నూట ఇరవై మడత కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, ఒక మైకు. నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరేం చెప్పినా అది సొంత ఇంట్లో నిజంగా జరిగినదై ఉండాలని ఆయన నియమం.

"కల్పిస్తే నాకు ఇట్టే తెలిసిపోతుందమ్మా. ఏదైనా జరుగుతుంటే మధ్యలో వేలు పెట్టకు, చివరిదాకా జరగనియ్యి. నవ్వు చివర్లోనే ఉంటుంది," అనేవాడు.

అందరికంటే బాగా నవ్వించిన వాళ్ళకి ఆఖరి శనివారం ఆఖరి వంతు. మైకమ్మకి అది కావాలి. ఇరవై ఏళ్ళుగా ఆలస్యమైన బస్సుల గురించి తప్ప ఆమె నోట మరోమాట ఎవరూ విన్నది లేదు మరి.

ఇంట్లో ఉన్నది ఆమె, అమ్మ. అమ్మకి మతిమరుపు ముదురుతోంది.

మొదటి వారం, అమ్మ ఫ్రిజ్‌లో చెప్పులు దాచిన సంగతి చెప్పింది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రెండో వారం, టీవీలో వార్తలు చదివే ఆయనతో "అక్కడ ఇరుక్కుని కూర్చున్నారేం బాబూ, లోపలికి రండి" అన్న ముచ్చట. అంతవరకూ సరే, పోనీ అనుకుందాం.

తర్వాత సరుకు చాలలేదు. అప్పుడు మొదలైంది ఆ పాడు అలవాటు. అమ్మ టీలో ఉప్పు వేస్తుంటే "అది చక్కెర కాదమ్మా" అనాల్సిన మనిషి, గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. అమ్మ తాగి, మొహం చిట్లించి, మళ్ళీ తాగింది. ఐదో వారం అమ్మ దారి తప్పి తిరుగుతుంటే, పిలిస్తే వినపడేంత దూరంలో వెనకే నడిచింది. అమ్మ ఎవరిదో గేటు తీసుకుని వెళ్ళి, ఎవరి కుర్చీలోనో కూర్చుని, ఆ ఇంటావిణ్ణే "ఎవరు కావాలమ్మా?" అని అడిగేదాకా ఆగింది. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది! ఆ జోకుకి హాలు దద్దరిల్లింది. ఆఖరి వంతు ఆమెదే అయింది.

ఏడో వారం అమ్మ ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మైకమ్మ చూస్తూనే ఉంది. అమ్మ గబుక్కున వచ్చి ఒట్టి చేత్తో దాన్ని దించబోయింది. "వద్దమ్మా!" అని అరిచేసరికే అరచేయి కాలిపోయింది. ఆ రోజు మైకమ్మ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, మర్నాడు కూర్చుని దాన్నీ జోకుగా రాసుకుంది.

ఆఖరి శనివారం, రోజూ అమ్మని కనిపెట్టుకుని ఉండే పక్కింటి పిన్నిగారికి జ్వరం. చేసేదిలేక అమ్మని వెంటబెట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. చేతికట్టు చూసి మాస్టారికే మనసొప్పలేదు.

"ఈ పూటకి వేరేదేదైనా చెప్పమ్మా," అన్నాడు.

"అమ్మకేం అర్థమవుతుందిలెండి," అంది మైకమ్మ.

మైకు ముందు ఆమె అమ్మని ఎప్పుడూ "మా ముసలావిడ" అనే చెప్పేది. ఉప్పు టీ దగ్గర అందరికంటే ముందు అమ్మే నవ్వింది. ఎవరింట్లోనో కూర్చున్న ముసలావిడ దగ్గర కళ్ళు తుడుచుకుంది. గిన్నె దగ్గరికొచ్చేసరికి హాలంతా నవ్వుతుంటే అమ్మ మాత్రం ఆగిపోయింది. నవ్వు సద్దుమణిగాక లేచి నిలబడింది.

"ఏమ్మా, పాపం చెయ్యి కాలితే నవ్వుతారేంటి వీళ్ళు? ఆ ముసలావిడకి ఎవరూ లేరా?"

మైకమ్మ మైకు ముందునుంచి కాస్త పక్కకి జరిగింది. "ఉంది. కూతురుంది," అంది.

"మరి అప్పుడు ఇంట్లో లేదా?"

"ఉంది."

అమ్మ కాసేపు ఆమెకేసి చూసింది, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు.

"అయితే ఆవిణ్ణి మా ఇంటికి పంపించెయ్యమ్మా," అంది. "మా అమ్మాయి బాగా చూసుకుంటుంది."