రొట్టెలాయన నాలుక

ఆ వీధిలో రెండు పొగగొట్టాలు ఉన్నాయని జనం నవ్వుకునేవారు. ఒకటి బేకరీ కప్పు మీదది, రెండోది బేకరీ యజమాని. కప్పు మీదదానికి మధ్యాహ్నం పూట కాస్త విరామం దొరికేది, ఆయనకి అదీ లేదు. పిండి కలిపే ముందొక సిగరెట్టు, రొట్టెలు బట్టీలోకి తోశాక ఒకటి, బయటకి తీశాక ఒకటి. అన్నీ పెరటి గుమ్మం మెట్టు మీదే. "తిండి వస్తువుల దగ్గర పొగేంటి, అసహ్యంగా?" అనేవాడు, తన ఊపిరితిత్తులకి ఆ నియమం వర్తించదన్నట్టు.

ఆయనకి ఇంకో గొప్ప కూడా ఉండేది. ఉప్పు ఎప్పుడూ తూచేవాడు కాదు. గుప్పిటితో పోసి, పిండి కలిపి, చిన్న ముద్ద నాలుక మీద వేసుకుని చూసేవాడు. చాలదనిపిస్తే ఇంకాస్త పోసేవాడు. "తక్కెడైనా తప్పు చెప్తుందేమో గానీ నా నాలుక చెప్పదు" అనేవాడు. గల్లా దగ్గర కూర్చుని రొట్టెలు చుట్టి ఇచ్చే భార్య ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చినట్టు తల వంచుకునేది.

ఆవిడ తమ్ముడు ఛాతీ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. సాయంత్రాలు ఇంటికి వెళ్తూ రొట్టె కోసం ఆగేవాడు. ఒకరోజు వచ్చీ రాగానే విషయం ఎత్తాడు.

"బావా, మా దగ్గర ఒక పరిశోధన మొదలుపెట్టారు. పొగ తాగేవాళ్లకి రుచి, వాసన ఏ మాత్రం తెలుస్తాయో చూస్తున్నారు. మనుషులు కావాలి. నీకన్నా గట్టివాడు నాకెక్కడ దొరుకుతాడు?"

"సూదులు గుచ్చుతారా?"

"లేదు. చిన్న కప్పుల్లో ఏదో ఇస్తారు, పుక్కిలించి ఏ రుచో చెప్పాలి. అంతే."

"అంతేనా! అయితే వస్తా. నా నాలుకని చూసి మీ డాక్టర్లు కొత్త పాఠం రాసుకోవాలి."

భార్య ఏదో అనబోయి, మళ్లీ రొట్టె చుట్టడంలో పడింది.

ఆసుపత్రి గదిలో కళ్లజోడు పెట్టుకున్న ఒక డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. బల్ల మీద కాగితం కప్పులు వరసగా ఉన్నాయి. "రుచి తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియలేదనండి. తప్పేం లేదు" అంది.

మొదటి కప్పు పుక్కిలించి, "నీళ్లు" అన్నాడు. రెండోది కూడా నీళ్లే. దాని తర్వాతదీ నీళ్లే. "మీ ఆసుపత్రిలో నీళ్లకేం కొదవ లేనట్టుందమ్మా" అని జోకేశాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకో కప్పు ఇచ్చింది, ఇంకోటి ఇచ్చింది. ఆఖరికి ఆయన మొహం విప్పారింది.

"ఆఁ, ఇందులో కొంచెం ఉప్పు తగులుతోంది!"

తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది నేల చూపులు చూశాడు.

"అది అన్నిటికన్నా గాఢమైనదండీ" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "చాలామంది దాన్ని నోట్లో ఉంచుకోలేక ఉమ్మేస్తారు."

"జలుబు చేసిందేమో నాకు."

"చేసిందా?"

ముక్కు ఎగబీల్చి చూసుకుని, "లేదు" అన్నాడు.

పొగ వల్ల నాలుక మొద్దుబారుతుందని, ముక్కూ దానితోపాటే మందగిస్తుందని ఆవిడ చెప్పింది. రుచిలో సగం వాసనే కాబట్టి దెబ్బ రెండువైపులా పడుతుందట. అంతా ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది గనక ఆ మనిషికే తెలియదట.

"తిరిగొస్తుందా?" అని అడిగాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"మానేసినవాళ్లలో చాలామందికి కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. అందరికీ ఒకేలా ఉండదు. ఎవరికి ఎంత వస్తుందో చూద్దామనే ఈ ప్రయత్నమంతా. అవునూ, మీరు ఏం పని చేస్తారు?"

"వ్యాపారం" అన్నాడు రొట్టెలాయన. ఏ వ్యాపారమో చెప్పడానికి నోరు రాలేదు.

దగ్గు రాత్రంతా కుదిపినా, భార్య కన్నీళ్లు పెట్టుకున్నా, ఊపిరితిత్తులు పోతాయని పెట్టె మీద బొమ్మేసి మరీ భయపెట్టినా కదలని మనిషి, నాలుక పోయిందనేసరికి కదిలాడు. జేబులో ఉన్న పెట్టె వీధి చివర చెత్తకుండీలో పడేసి, ఆసుపత్రిలో సిగరెట్టు బదులు నమలమని ఇచ్చిన నికోటిన్ గమ్ నోట్లో వేసుకుని ఇంటికొచ్చాడు.

తర్వాతి రోజులు ఎవరికీ సుఖంగా గడవలేదు. పాలవాడితో గొడవ, పిల్లితో గొడవ. సిగరెట్టు గుర్తొచ్చినప్పుడల్లా వెళ్లి పిండి మీద పడేవాడు. ఎంత కసిగా పిసికాడంటే, ఆ వారం రొట్టెలు మునుపెన్నడూ లేనంతగా పొంగాయి. నోట్లో ఎప్పుడూ గమ్ ఉండటంతో పిండి రుచి చూడటం మానేశాడు. చెయ్యే పాత లెక్కన ఉప్పు పోసుకుపోయేది.

కొన్ని వారాలకి, ఒక ఉదయం, బట్టీ దగ్గర నిలబడ్డవాడు ఉలిక్కిపడి కేక పెట్టాడు.

"ఇదిగో, ఏదో మాడుతోంది! చూడు!"

భార్య పరుగెత్తుకొచ్చింది. బట్టీ తలుపు తీసి చూశారు. రొట్టెలు బంగారు రంగులో నిక్షేపంగా ఉన్నాయి.

"ఏం మాడట్లేదండీ. కాలే రొట్టె వాసన అలాగే ఉంటుంది" అంది.

ఆయన బట్టీ మీదికి వంగాడు. తను చేసే రొట్టె వాసన తనకే కొత్తగా ఉంది. ముక్కుతో లోపలికంటా పీల్చాడు, మళ్లీ పీల్చాడు. గమ్ తీసేసి, నోరు కడుక్కుని, ఒక రొట్టె తుంచి పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం పెరట్లోకి పరుగెత్తి ఉమ్మేశాడు.

"ఎవరు దీన్లో రెండుసార్లు ఉప్పు పోసింది?"

"ఈ బేకరీలో పిండి కలిపేది ఇంకెవరండీ?" అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక చెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏళ్ల నుంచీ ఇదే ఉప్పు. నేను టీలో నానబెట్టుకుని తింటున్నా. లేకపోతే గొంతు దిగదు."

"మరి చెప్పవేం?"

"చెప్పానుగా ఒకసారి. నా నాలుకకే వంక పెడతావా అని మీరు పలకడం మానేశారు. రొట్టె ఉప్పగా ఉంటే ఎలాగో తినొచ్చు గానీ, ఇల్లంతా మూగనోము పడితే నేనుండలేను."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "మరి కొనేవాళ్లు?"

"మీరు చిటికెడు చిటికెడు పెంచుకుంటూ పోయారు. వాళ్లూ అలాగే అలవాటుపడ్డారు."

మర్నాడు ఆయన ఉప్పు సగానికి సగం తగ్గించేశాడు. వీధికి మంచి రొట్టె పెడుతున్నానన్న సంబరంతో గల్లా దగ్గరే నిలబడ్డాడు. పొద్దున రొట్టె కొనుక్కెళ్లిన డ్రిల్లు మాస్టారు మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. రిటైరయ్యాక కూడా ఆయన మాట ఈల వేసినట్టే ఉండేది.

"ఏమయ్యా, నీ రొట్టెకి జ్వరమొచ్చిందా? ఇంత చప్పగా ఉంది! డబ్బులిచ్చి పథ్యం తినాలా?"

ఆ రోజు నుంచీ అదే వరస. ఒకావిడ ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని జాలిగా అడిగింది. ఇంకొకరు చెప్పకుండానే అవతలి వీధి దుకాణానికి మారిపోయారు. సాయంత్రానికి అరల్లో రొట్టెలు అరల్లోనే ఉండిపోయేవి. ఒకరోజు, పిండి బస్తాలు దింపడానికి వచ్చిన వ్యాన్ డ్రైవరు దగ్గర ఒక సిగరెట్టు అడిగి తీసుకుని, ఆయన పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకా వెలిగించలేదు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. లాక్కోలేదు, తిట్టలేదు.

"మేడ మీదున్నవాళ్లని కిందికి రమ్మనాలంటే మెట్లు చూపించాలండీ. దూకమంటే ఎవరు దూకుతారు? పెంచినట్టే తగ్గించండి, చిటికెడు చిటికెడు."

ఆయన ఆవిడ వైపు చూశాడు. "ఈ తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?"

"మీ పొగలో కనపడలేదు."

ఆయనకి నవ్వొచ్చింది. సిగరెట్టు తీసుకెళ్లి డ్రైవరుకి తిరిగిచ్చేశాడు.

పాత ఉప్పుతోనే మళ్లీ మొదలుపెట్టాడు. కాకపోతే ఈసారి తక్కెడ కొన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉప్పు తూచాడు. అప్పుడప్పుడూ, కొనేవాళ్లెవరికీ చెప్పకుండా, కాస్త తగ్గించేవాడు. వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. "ఉప్పు తగ్గితే వీధి మొత్తానికి మంచిదే బావా, బీపీలు దిగి ఆసుపత్రులకే గిరాకీ తగ్గుతుంది" అన్నాడు బావమరిది. చలికాలం వెళ్లేనాటికి రొట్టెలో ఉప్పు, అప్పుడు జనం చప్పగా ఉందని గోల పెట్టినదానికన్నా కిందికి దిగింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు రొట్టె అక్కడే తుంచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తలాడించారు.

"ఇదీ, ఇదీ పాత రుచి! ఆ మధ్య ఏదో ప్రయోగం చేసి పాడుచేశావు. ఇక దీన్ని ముట్టుకోకు."

"అలాగే మాస్టారూ" అన్నాడు రొట్టెలాయన వినయంగా. భార్య బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి నవ్వుకుంది.

ఆసుపత్రిలో రెండోసారి పరీక్ష చేసినప్పుడు ఆయన చాలా పలచగా కలిపిన కప్పులోనే ఉప్పు పట్టేశాడు. చేదు మాత్రం ఇంకా సరిగ్గా తెలియలేదు. కొన్ని ఆలస్యంగా రావచ్చని, కొన్ని పూర్తిగా రాకపోవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మెట్లెక్కితే ఆయాసం కూడా ఇంకా ఉంది, మునుపటంత కాదు. "వచ్చినంత చాలమ్మా" అని, ఈసారి అడగకుండానే తను రొట్టెలు చేస్తానని చెప్పి, సంచీలోంచి ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ వారాంతం బావమరిది ఇంట్లో భోజనం. రొట్టెలాయన మొదటి ముద్దకే తల పైకెత్తాడు.

"కూర అడుగంటింది కదమ్మా? చెప్పకుండా వేరే గిన్నెలోకి మార్చావు."

బావమరిది భార్య తెల్లబోయింది. "ఎలా తెలిసింది అన్నయ్యా?"

"వాసనొస్తోంది. టమాటాలు కూడా ఒక రోజు ముందు కొన్నవి. ఉప్పు మాత్రం కుదిరింది."

బావమరిది రెండు చేతులూ జోడించాడు. "బావా, నీకు దండం పెడతా. ఆ సిగరెట్లు మళ్లీ మొదలెట్టు. మా ఆవిడకి కాస్త పరువు దక్కుతుంది."

"నోర్ముయ్‌రా!" అని అక్క తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. అందరూ నవ్వారు, వండినావిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. రొట్టెలాయన ఆ అడుగంటిన కూరే ఇంకో గరిటెడు వడ్డించుకుని, తీరిగ్గా, ముద్ద ముద్దకీ ఆగి తిన్నాడు.