ఆపలేని సిగ్నల్

పప్పు కుక్కర్ పొయ్యి మీద పడేసి, శివపార్వతి డైనింగ్ టేబుల్ మూల లాప్‌టాప్ తెరిచింది. పటమటలో వాళ్ళది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఒకటి పిల్లలది, రెండోది ఆయనగారి మధ్యాహ్నపు కునుకుది. ఉద్యోగం చేసే ఇల్లాలికి మిగిలింది ఈ మూల. "ఇంట్లోనేగా ఉంటావు, నీకు గదెందుకు?" అన్నాడు మొగుడు దుర్గాప్రసాద్ ఒకప్పుడు. ఆమె కూడా నిజమేననుకుంది.

ఇవాళ్టి మీటింగ్ మామూలుది కాదు. కంపెనీ సర్వర్ ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఎందుకు చచ్చిపోతోందో కనిపెట్టింది ఆమె. అది అందరికీ అర్థమయ్యేలా చెప్తే టీమ్ లీడ్ పోస్టు ఆమెకేనని మేనేజరు రవూఫ్ గారు ముందే చెప్పారు.

"సిగ్నల్ అంటే, నడుస్తున్న పనిని మధ్యలో ఆపి ఇంకో పని చేయించే పిలుపండీ," అని మొదలుపెట్టింది. "మన సర్వర్ని నడిపే లైనక్స్‌లో థ్రెడ్లని, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్ని, చూసుకునే లైబ్రరీ అనే రెడీమేడ్ కోడు రెండు సిగ్నళ్ళని తన సొంతానికి అట్టేపెట్టుకుంటుంది. సిగ్నళ్ళన్నీ ఆపెయ్యమని మనం రాసినా, ఆ రెండిటినీ చప్పుడు చేయకుండా లోపలికి వదిలేస్తుంది. మనవాళ్ళు లైబ్రరీని దాటేసి, ఆ రెండిట్లో ఒకదాన్నే..."

హాల్లో స్టీలు గ్లాసు టీపాయ్ మీద టకటకలాడింది.

కాసేపటికి చూసుకుంటే స్టవ్ ముందు నిలబడి కాఫీ కలుపుతోంది. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, కసరలేదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. మైకు ఆపడం కూడా మరిచిపోయింది. "పంచదార తగ్గించు, నిన్న పానకంలా ఉంది" అన్న మొగుడి మాట అవతల అందరూ విన్నారు. శివపార్వతికి తల కొట్టేసినట్టయింది. ఆయన మీద కోపమొస్తే కొంత నయంగా ఉండేది, అది రాలేదు. వచ్చిందల్లా తన మీద సిగ్గు. పెళ్ళైన కొత్తలో "మావాడు గ్లాసు కొడితే కాఫీ వచ్చెయ్యాలమ్మాయ్" అని అత్తగారంటే ముసిముసిగా నవ్వింది. ఆ తర్వాత లేవకూడదని ఎన్నిసార్లు అనుకుందో. ఎంత గట్టిగా అనుకున్నా, లోపలెవరో ఆ ఒక్క పిలుపునీ లోపలికి వదిలేస్తూనే ఉన్నారు.

కాఫీ ఆయన చేతికిచ్చి వచ్చి కూర్చుంది. తెర మీద అందరూ మర్యాదగా కళ్ళు దించుకున్నారు.

"నెట్ పోయినట్టుందమ్మా?" అన్నారు రవూఫ్ గారు, ఆమె పరువు నిలబెడదామని.

అవునండీ అంటే సరిపోయేది.

"లేదండీ, నెట్ బాగానే ఉంది," అంది శివపార్వతి. హాల్లోకి వినబడేలాగే అంది. "మా ఆయన గ్లాసు కొట్టారు. నేను లేచి వెళ్ళాను."