పక్కల్లో ఊపిరి

ఆ వీధిలో అత్తగారి హస్తవాసికి తిరుగులేదు. ఆవిడ చెయ్యి తగిలిన పట్టుపురుగు గూడు కట్టకుండా పోదని అందరూ అనేవారు. ఆవిడా కాదనేవారు కారు. పొగడ్త ఎవరికి చేదు!

అలాంటిది ఈసారి పంట ఎదురు తిరిగింది. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే మన జ్వరం కాదు. పాత చర్మం విడిచే ముందు పురుగు మేత మానేసి, తల ఎత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. ఆ నిద్రకి పెంపకందార్లు పెట్టుకున్న పేరది. నాలుగోసారి లేచాక వాటి ఆకలి చూడాలి, కరువు చూసి వచ్చినట్టు ఆకుల మీద పడతాయి. సరిగ్గా అప్పుడే అత్తగారు చూసుకునే తట్టల్లో పురుగులు చావడం మొదలుపెట్టాయి. అదే గదిలో, అవే మల్బరీ ఆకులు తింటూ, ఎదుటి వరసలో కోడలి తట్టల్లోవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చచ్చినవాటికి రోగం లక్షణం ఏదీ లేదు. కుళ్లలేదు, వాసన లేదు. కాసేపు మెలికలు తిరిగి ఊరుకున్నాయి, అంతే.

అత్తగారు రెండు పూటలు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. తన చెయ్యి చెడింది. చెడ్డ చెయ్యి మిగతా తట్టలకి కూడా తగిలితే పంటంతా ఊడ్చిపెట్టుకుపోతుంది.

"ఇక గది నీది. నేను గుమ్మం దాటను," అన్నారు కోడలితో.

కోడలు బతిమాలింది, అలిగింది, అన్నం మానేస్తానని బెదిరించింది. పట్టుపురుగులతో జీవితం వెళ్లదీసిన మనిషి పట్టు విడుస్తారా? వసారాలో పీట వేసుకుని, గది వైపు వీపు పెట్టి కూర్చున్నారు. లోపల పురుగులు ఆకు నములుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడుకి ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అనేవాళ్లు ఆ ఇంటికి రావాలి. ఏళ్ల తరబడి ఆకు కోసీ కోసీ అత్తగారి వేళ్ల కణుపులు వాచిపోయాయి. జ్వరం లేచిన పురుగులకి మేత ఎక్కువ, వేళ్లకి పనీ ఎక్కువ. అందుకని నాలుగైదు రోజులుగా కోడలు తెల్లవారగానే నూనె గోరువెచ్చగా కాచి ఒక్కో వేలికీ మర్దనా చేస్తోంది. పురుగులకి వాసనలు గిట్టవని, వాసనే లేని నూనె ఏరికోరి తెచ్చింది. ఆ తర్వాత కోడలు చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయేది. అత్తగారు సబ్బు వాసన కూడా పురుగుకి పడదని, పొడి గుడ్డతో తుడుచుకుని గదిలోకి వెళ్లేవారు.

ఇక లాభం లేదని కోడలు పురుగుల డాక్టరమ్మని పిలిపించింది. పెంపకం గదులన్నీ తిరిగి చూసే ఉద్యోగం ఆమెది. డాక్టరమ్మ బతికున్న పురుగునొకదాన్ని, చచ్చినదాన్నొకదాన్ని వసారాలోకి తెచ్చి, అత్తగారి పక్కనే చతికిలబడింది. పురుగు ఊపిరి ఎక్కడినుంచి పీలుస్తుందో చెప్పమంది. ముక్కు మొహాన కాక మోకాలికి ఉంటుందా అన్నారు అత్తగారు విసుగ్గా.

డాక్టరమ్మ నవ్వి, బతికున్న పురుగుని పక్కకి తిప్పి, భూతద్దం ఆవిడ చేతికిచ్చింది.

పురుగు పక్కల వెంట వరసగా నల్లచుక్కలు. ఒక్కో వైపు తొమ్మిది. అత్తగారికి అవి కొత్తా? తెల్లటి ఒంటికి దేవుడు పెట్టిన దిష్టిచుక్కలనుకునేవారు ఇన్నాళ్లూ.

"ఇవి శ్వాసరంధ్రాలు, పెద్దమ్మా. గాలి లోపలికి పోయే ద్వారాలు. నోరు తినడానికే," అంది డాక్టరమ్మ.

అత్తగారు అద్దంలోకి వంగారు. చుక్క చుక్క కాదు, నల్లటి ఉంగరం. దాని నడుమ సన్నటి చీలిక. ఆ చీలిక దగ్గర మొదలై, పలచటి చర్మం కింద నల్లటి దారాలు చీలుతూ, మళ్లీ చీలుతూ, కంటికి ఆననంత సన్నబడి ఒంట్లోకి వెళ్లిపోయాయి. దీనికి మనలా ఊపిరితిత్తులు లేవనీ, గాలే ఆ దారాల వెంట ఒంట్లో ప్రతి మూలకీ నడిచి వెళ్తుందనీ డాక్టరమ్మ చెబుతోంది. అత్తగారికి ఒళ్లు గగుర్పొడిచింది. చిటికెన వేలంత జీవికి ఇన్ని వాకిళ్లా? మనకున్నది ఒక్క ముక్కు, దాన్ని చూసుకుని ఎంత మిడిసిపాటు! ఒక తట్టకి ఎన్ని పురుగులు, ఒక గదికి ఎన్ని తట్టలు? ఇన్నేళ్లూ తాను అడుగుపెట్టిన గది నిండా ఇన్ని ద్వారాల గుండా గాలి రాకపోకలు సాగిస్తోందని తలుచుకుంటే ఆవిడకి కూర్చున్నచోటి నుంచి లేచి దండం పెట్టాలనిపించింది.

డాక్టరమ్మ ఈసారి చచ్చిన పురుగుని తీసి, దాని పక్కని కాగితానికి అద్దింది. కాగితం మీద తడి మరక పడింది. ఎంతసేపటికీ ఆరలేదు.

"నూనె. ఈ చీలికలు పూడుకుపోయాయి. పాపం, ఊపిరాడక పోయాయి."

చెయ్యి చెడలేదు. ఆ మాట అత్తగారి గుండెల మీది బండని దించింది. మరుక్షణమే ఇంకో బండ పడింది. చంపింది మాత్రం ఆ చెయ్యే. ప్రేమగా ఎత్తి, ప్రేమగా కొత్త ఆకు మీదికి మార్చి, ఒక్కో ద్వారమూ మూసేసింది.

డాక్టరమ్మ వెళ్లిపోయాక చూస్తే, కోడలు స్తంభానికి ఆనుకుని తన అరచేతులకేసి చూసుకుంటూ నిలబడింది. నూనె కాచింది తను. రాసింది తను. పెదవులు బిగించుకుంది.

అత్తగారు లేచి దగ్గరికి వెళ్లారు.

"వాటికి నోట్లో ఊపిరి లేదు, చస్తూ కూడా అరవలేకపోయాయి. నీకుంది కదే తల్లీ. మాట్లాడు."

కోడలు భోరుమంది. ఏడుస్తూనే, ఇక జన్మలో నూనె సీసా ముట్టనంది. అత్తగారు ఒప్పుకోలేదు. వేళ్లు వంగకపోతే ఆకు ఎవరు కోస్తారని కసిరారు. రోజూ మర్దనా చెయ్యాల్సిందే, ఆ తర్వాత సబ్బుతో కడగాల్సిందేనని తీర్పు చెప్పారు.

కోడలు ముక్కు ఎగబీల్చి, చెంబుతో నీళ్లు, సబ్బూ తెచ్చింది. అత్తగారు చేతులు చాపారు. గోళ్ల సందులు, కణుపుల ముడతలు ఒక్కటీ వదలకుండా రుద్ది, కాగితానికి అద్ది చూసింది. మరక పడింది. మళ్లీ రుద్దింది. కాగితం పొడిగా వచ్చేదాకా ఆ చేతులు వదల్లేదు.

అప్పుడు అత్తగారు గుమ్మం దాటారు.